మనవాడికి వర్తించని వాక్యం

2016, 2020, 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికలు మూడింటిలోనూ తెల్లజాతి ఎవాంజెలికల్ క్రైస్తవుల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది డొనాల్డ్ ట్రంప్‌కు ఓటేశారు. అవే ఎన్నికల్లో నల్లజాతి ప్రొటెస్టెంట్లలో అత్యధికులు ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. ఇరువురూ చదివేది ఒకే బైబిలు. మందిరానికి వెళ్లడంలో, ప్రార్థనలో, వాక్యం మీద నమ్మకంలో నల్లజాతి విశ్వాసులు ఎవరికీ తీసిపోరు. ప్రార్థించే ఓటేశామని ఇరువురూ చెబుతారు, ఆ మాటను శంకించాల్సిన పని లేదు. అయినా ఒకే విశ్వాసం ఒకరిని తూర్పుకు, మరొకరిని పడమరకు నడిపించిందంటే, అభ్యర్థిని ఎంచుతున్నది విశ్వాసమేనా అని అడగక తప్పదు. ఎంపిక ముందే జరిగిపోయి, విశ్వాసం దానికి సాక్ష్యం పలుకుతోందేమో చూడాలి. ఇది తేలడానికి నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. ఎదుటి పక్షం అభ్యర్థి పాపాలను ఎంచడానికి విశ్వాసం అక్కర్లేదు, రాజకీయం చాలు. సొంత పక్షం అభ్యర్థి తప్పు చేసినప్పుడు ఓటరు చేతిని విశ్వాసం ఒక్కసారైనా ఆపిందా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. బానిసల యజమాని మిషనరీగా వెళ్లవచ్చా అన్న వివాదంతో 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. వెళ్లవచ్చన్న దక్షిణాది వాళ్లు సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేసిన మిషను ఉత్తరాది బాప్టిస్టులది. 1878లో ఒంగోలు దగ్గర ఒకే రోజున రెండు వేల మందికి పైగా బాప్తిస్మం ఇప్పించిన జాన్ క్లౌ ఆ సంస్థ మనిషే. అంటే మన నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల మూలాలు ఆ చీలికలో ఒక పక్కన ఉన్నాయి. చీలిన రెండు పక్షాలకూ సిద్ధాంతంలో భేదం లేదు, బాప్తిస్మమిచ్చే పద్ధతిలోనూ లేదు. తేడా అంతా పత్తి పొలాల ఆర్థికంలో ఉంది. దక్షిణాది పండితులు బానిసత్వానికి మద్దతుగా వచనాలు ఏరి చూపించారు, వాటిని మనసారా నమ్మారు కూడా. బానిసత్వాన్ని సమర్థించినందుకు ఆ కన్వెన్షన్ క్షమాపణ చెప్పింది 1995లో, అంటే నూటయాభై ఏళ్లకు. నిజాయితీగా నమ్మినంత మాత్రాన ఆ నమ్మకం వాక్యం నుంచే వచ్చిందని అనుకోలేమనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1976లో డెమొక్రాట్ల తరఫున నిలబడిన జిమ్మీ కార్టర్ సదరన్ బాప్టిస్టు, సండే స్కూలు ఉపాధ్యాయుడు. తాను తిరిగి జన్మించిన క్రైస్తవుణ్ణని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఎందరో ఎవాంజెలికల్స్ ఆయన్ను తమవాడనుకున్నారు. నాలుగేళ్లకే వాళ్లలో చాలామంది ఆయన్ను వదిలి, విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్న హాలీవుడ్ నటుడు రోనాల్డ్ రీగన్ వెంట నడిచారు. కార్టర్ విశ్వాసంలో ఈలోగా వచ్చిన మార్పేమీ లేదు. మారింది రాజకీయం. జాతి వివక్ష పాటించే ప్రైవేటు స్కూళ్లకు పన్ను మినహాయింపు తీసేసే నిబంధనలను 1978లో పన్నుల శాఖ ప్రతిపాదించింది, మరుసటి ఏడే పాస్టరు జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థను స్థాపించాడు. ఎవాంజెలికల్స్‌ను రిపబ్లికన్ల వైపు నడిపించిన ఈ ఉద్యమానికి గర్భస్రావమే తొలి కారణమన్న మాట తరచూ వింటాం. కానీ కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని చట్టం అనుమతించాలని 1971లో తీర్మానించింది ఇదే సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 1998 తర్వాతది. డెమొక్రాట్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ లైంగిక కుంభకోణం నడుస్తున్న రోజుల్లో ఈ కన్వెన్షన్ ప్రజాప్రతినిధుల శీలం మీద ఒక తీర్మానం చేసింది. నాయకుల ఘోరమైన తప్పులను సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారుతుందనీ, నిజాయితీ, నైతిక శుద్ధి ఉన్నవారినే ఎన్నుకోవాలనీ దాని సారాంశం. అది మంచి తీర్మానం, ఏ పార్టీ వాడికైనా సరిపోయే కొలత. 2011లో పీఆర్ఆర్ఐ అనే సర్వే సంస్థ అడిగిన ప్రశ్న దాదాపు ఇదే: వ్యక్తిగత జీవితంలో అనైతికంగా నడిచినవాడు పదవిలో నీతిగా ఉండగలడా? తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో ఉండగలడన్నవారు 30 శాతమే. 2016 అక్టోబరులో అదే ప్రశ్న అడిగితే ఆ సంఖ్య 72 శాతమైంది. ఐదేళ్లలో బైబిలు మారలేదు, ఉపదేశం మారలేదు. అభ్యర్థి మారాడు. అంతకుముందు శీలం విషయంలో దేశంలోకెల్లా కఠినంగా ఉన్న వర్గమే ఉన్నట్టుండి అందరికంటే ఉదారంగా మారింది. తూకానికి నిలబడ్డ మనిషి తేలిపోతుంటే రాళ్లు మార్చేసినట్టుంది ఈ వ్యవహారం.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మేం భర్తను వెతుక్కోవడం లేదు, పాస్టర్ని ఎన్నుకోవడం లేదు, గర్భస్థ శిశువు ప్రాణం కాపాడే న్యాయమూర్తులను తెచ్చుకుంటున్నాం అని ట్రంప్‌కు ఓటేసిన ఎవాంజెలికల్స్ అంటారు. ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తులు కలిసొచ్చాకే 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. కోరింది దక్కింది. గర్భస్థ శిశువుది పూర్తి మానవ ప్రాణమని నమ్మేవాడికి ఇది చిన్న విషయం కాదు, వాళ్ల ఆవేదన నటన కాదు. కానీ ఈ వాదనతో ఓటేసినవాడు, ఇతని నడత చెడ్డది, అయినా ఇతని విధానం కోసం ఓటేస్తున్నాను అని చెప్పగలడు. అందులో బాధ ఉంటుంది, నిజమూ ఉంటుంది. నడత అసలు లెక్కలోకే రాదనడం ఇంకో మాట. సర్వేలో కనబడింది ఆ రెండో మాట. పైగా 2024 జులైలో రిపబ్లికన్ పార్టీ దేశవ్యాప్త గర్భస్రావ నిషేధం డిమాండును తన ప్రణాళిక నుంచి తొలగించి, విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. ఆ విధానం కోసమే ఓటేస్తున్నామన్నవాళ్ల మద్దతు ఆ నవంబరులో తగ్గాలి. తగ్గలేదు.

ఇంకో సమాధానం బైబిలు నుంచే వస్తుంది. యూదుడు కాని కోరెషు రాజును దేవుడు వాడుకోలేదా, వ్యభిచారం చేసిన దావీదు దేవుని హృదయానుసారుడు కాలేదా అంటారు. కోరెషును యూదులు ఎన్నుకోలేదు. ఆయన వాళ్లను ఏలిన పరాయి చక్రవర్తి. చేతిలో ఓటున్నవాడికి ఆ పోలిక కుదరదు. ఇక దావీదు కథ చెప్పేవాళ్లు అందులోంచి నాతాను ప్రవక్తను వదిలేస్తున్నారు. నాతాను దావీదుకు శత్రువు కాడు, ఫిలిష్తీయుల మనిషి అంతకన్నా కాడు. సొంత రాజు ఎదుట నిలబడి, ఆ మనిషివి నువ్వే అని వేలెత్తి చూపినవాడు. ఆ కథలో ప్రవక్త పని అదే. బిల్లీ గ్రాహం స్థాపించిన క్రిస్టియానిటీ టుడే పత్రిక 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసినప్పుడు, అది చేసింది నాతాను పనే. దాదాపు రెండు వందల మంది ఎవాంజెలికల్ నాయకులు ఆ పత్రికను ఖండిస్తూ సంతకాలు పెట్టారు.

నా పరీక్ష నల్లజాతి సంఘాలకూ వర్తిస్తుంది, వర్తించాలి. 1998లో క్లింటన్ తప్పును చూసీచూడనట్టు వదిలేసిన పాస్టర్లు అక్కడా ఉన్నారు. వాళ్ల ఓటు వెనకా జాతి అనుభవం, పౌరహక్కుల చరిత్ర ఉన్నాయి. అలాగని మతాన్ని రాజకీయాల్లోంచి పూర్తిగా ఊడ్చేయాలనే లౌకికవాదుల మాటనూ నేను ఒప్పుకోను. మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరు. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ చర్చిల్లోంచే నడిచింది. పైగా ఆయన బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన సుప్రసిద్ధ లేఖ ఉద్దేశించింది దేవుణ్ణి నమ్మని వాళ్లను కాదు, ఓర్చుకొమ్మని హితవు చెప్పిన తెల్లజాతి మతాధికారులను. విశ్వాసం తన సొంత ఇంటివాళ్లను నిలదీసినప్పుడే అక్కడ చట్టాలు మారాయి.

అది నేటికీ సాధ్యమేనా అంటే, 2017 డిసెంబరు అలబామాను చూడాలి. సెనేట్ ఉపఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి రాయ్ మూర్, కోర్టు భవనంలో పది ఆజ్ఞల శిల నిలబెట్టి పేరు తెచ్చుకున్న మాజీ న్యాయమూర్తి. దశాబ్దాల క్రితం టీనేజి అమ్మాయిలతో అనుచితంగా ప్రవర్తించాడని ఆయన మీద ఆరోపణలు వచ్చాయి, ఆయన కాదన్నాడు. తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో అప్పుడూ పదిమందికి ఎనిమిదిమంది ఆయనకే వేశారు. కానీ ఆ రాష్ట్రానికే చెందిన రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ షెల్బీ తాను మూర్‌కు ఓటేయలేదని, బ్యాలెట్ మీద వేరే రిపబ్లికన్ పేరు రాశానని బాహాటంగా ప్రకటించాడు. డెమొక్రాట్‌కు వేయడానికి మనసొప్పక, మూర్‌కు వేయడానికి మనస్సాక్షి ఒప్పక ఆ దారి పట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. బ్యాలెట్ మీద చేత్తో రాసిన పేర్లకు పడ్డ ఓట్లు 22 వేలు దాటాయి. నల్లజాతి ఓటర్లు బారులు తీరి వేసిన ఓట్లతో డెమొక్రాట్ డగ్ జోన్స్ గెలిచిన ఆధిక్యం 22 వేల లోపే.