పార్శ్వపు నొప్పి మాత్ర మానడానికీ పద్ధతి వుంది

మిరప కోతలు, పత్తి తీతలు సాగే రోజుల్లో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పార్శ్వపు నొప్పితో తల పట్టుకునే ఆడకూలీలు ఎందరో. ఎండ, వేళకు తిండి లేకపోవడం, నిద్ర చాలకపోవడం ఈ నొప్పిని రేపుతాయి. నొప్పి పదేపదే వచ్చేవారికి, అది రాకుండా రోజూ వేసుకునే మాత్రలు డాక్టర్లు రాస్తారు. వాటిని మొదలుపెట్టడంలో వున్న శ్రద్ధ మానడంలో లేకపోవడం విచారకరం.

నాలుగు వారాలు నొప్పి రాకపోతే జబ్బు పోయిందని కొందరు ఒక్కసారిగా మానేస్తారు. మరికొందరు పాత చీటీనే మందుల షాపులో చూపి ఏళ్ల తరబడి మింగుతారు. రెండూ ముప్పే.

ప్రొప్రనొలాల్ మాత్రను హఠాత్తుగా ఆపితే గుండెదడ రావచ్చు. గుండెజబ్బు వున్నవారికి ప్రాణం మీదికీ రావచ్చు. ఫ్లునారిజిన్‌ను ఎక్కువకాలం వాడిన కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, చేతులు వణకడం, నడక మందగించడం, దిగులు కనిపిస్తాయి. ఈ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది గనుక, మానిన తర్వాత కూడా ఆ లక్షణాలు తగ్గడానికి నెలలు పట్టవచ్చు. అది ముసలితనపు వణుకని సరిపెట్టుకోరాదు. అటువంటివారు వెంటనే గుంటూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో చూపించుకోవాలి.

అలాగని, మానితే నొప్పి మునుపటంతా తిరగబెడుతుందన్న భయమూ అందరికీ అక్కరలేదు. 21 దేశాల్లో 818 మందితో మొదలైన టొపిరమేట్ పరిశోధన ఫలితాలు 2007లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వెలువడ్డాయి. ఆరు నెలలు వాడి మానినవారిలో నొప్పి వచ్చే రోజులు కొంత పెరిగినా, వైద్యానికి ముందున్నంతగా పెరగలేదు. అంటే మందు మేలు కొంతకాలం నిలుస్తుందన్నమాట. మానాక తలనొప్పి వచ్చినప్పుడల్లా నొప్పి మాత్రలు మింగితే మాత్రం, ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయి.

మండుటెండలో కోతల నడుమ మానే ప్రయత్నం కంటే, పని తెరిపిగా వున్న రోజుల్లో డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవడం మేలు. అయితే పట్నం ఆసుపత్రికి పోతే ఒకనాటి కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. అందుకే చాలామంది మళ్లీ వెళ్లరు. తప్పంతా రోగిదే అనడం న్యాయం కాదు. మాత్ర ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు, ఎలా తగ్గించాలో మొదటిరోజే చీటీపై తెలుగులో రాసివ్వడం డాక్టర్లకు పెద్ద పని కాదు. బి.పి., షుగరు రోగుల మాదిరిగానే ఈ మాత్రలు వాడేవారినీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కనిపెట్టి వుండాలి. వచ్చే కోతలనాటికైనా అధికారులు ఈ ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా వుంది.