ఉద్యోగం వెతకడమూ ఒక చదువే

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన బడుల దగ్గర ఒకే మాట వినిపిస్తుంది: ‘తెలుగులో చదివిస్తే రేపు ఉద్యోగం ఎవరిస్తారు?’ హోసూరైనా, బళ్లారైనా, షోలాపూరైనా, బరంపురమైనా తల్లిదండ్రుల భయం ఒక్కటే. ఈ భయంతోనే పిల్లల్ని వేరే బడికి మార్చేస్తున్నారు. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు పోతుంది, పోస్టు పోతే తరగతే పోతుంది. ఈ ప్రశ్నకు భాషాభిమానం మీద ఉపన్యాసం జవాబు కాదు. ఉద్యోగానికి దారి చూపడమే జవాబు.

మన పిల్లల్లో చాలామంది వెనకబడుతున్నది తెలుగులో చదివినందుకు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పేవాళ్లు లేక. మేనమామను అడగడం, వీధిలో నలుగురికి చెప్పి ఉంచడం, వాట్సాప్‌లో వచ్చిన నోటిఫికేషన్‌కు ఆఖరి రోజున పరుగెత్తడం. మనకు తెలిసిన ఉద్యోగ వేట ఇంతే.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో, ఉద్యోగాలు మారిన వాళ్లను ఆరా తీశారు. సగానికి పైగా మందికి ఆ సమాచారం తెలిసినవాళ్ల ద్వారానే అందింది. అయితే ఆ తెలిసినవాళ్లలో ఎక్కువమంది దగ్గరి చుట్టాలు, స్నేహితులు కారు. ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తులు. కారణం తేలికే. మన వీధిలో వాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. మగ్గాల పేటలో అందరికీ తెలిసింది పవర్‌లూమ్ యజమానులే అయితే, పిల్లవాడికి అందే కబురూ పవర్‌లూమ్ దగ్గరే ఆగిపోతుంది.

ఈ వల దాటించగలిగేది బడే. ముప్పై, నలభై ఏళ్లుగా నడుస్తున్న బడి నుంచి వెళ్లిన పిల్లలు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో, రైల్వేలో ఉండకపోరు. వాళ్ల పేరు, ఊరు, చేసే పని వాళ్ల అనుమతితో ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్న బడులు ఎన్ని? వాళ్లను సిఫారసు అడగనక్కర్లేదు. ‘మీ దగ్గర ఏయే పనులకు మనుషుల్ని తీసుకుంటారు, ఏం చదివి ఉండాలి, ఎప్పుడు తీసుకుంటారు’ అని అడిగితే చాలు.

ఇక ప్రభుత్వ ఉద్యోగాలు. ఇక్కడ భాష నిబంధన తెలియకపోతే శ్రమంతా వృథా. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్‌లను పరీక్ష లేకుండా పదో తరగతి మార్కులతోనే ఎంపిక చేస్తుంది. కానీ ఆ రాష్ట్ర భాషను పదో తరగతి వరకు చదివి ఉండాలి. బ్యాంకు క్లర్కుకు ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి తీరాలి. తమిళనాడు సర్వీస్ కమిషన్ పరీక్షల్లో తమిళ పేపరు తప్పనిసరి చేస్తూ 2021 డిసెంబరులో ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్ర భాష పేపరు నుంచి మినహాయింపు కోరడం మన హక్కే, దాన్ని కాదనం. కానీ మినహాయింపు తీసుకున్న బిడ్డకు సొంత రాష్ట్రంలోనే ఏయే తలుపులు మూసుకుంటాయో ముందే చెప్పాలి. తెలుగును నిలుపుకోవడమూ, ఉన్న చోటి భాషను గట్టిగా నేర్వడమూ రెండూ కావాలన్నది మా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల మీదే ఆశ పెట్టుకోవడమూ మంచిది కాదు. 371డి అధికరణం కింద అక్కడ స్థానికత ప్రధానంగా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. తెలంగాణలో 2018 ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా, యానాంలోనే చదివిన పిల్లలకూ అక్కడి స్థానికత రాదు. కేంద్ర ఉద్యోగాలకు ఈ అడ్డు లేదు. తెలుగు చదివినవారు ఆ రెండు రాష్ట్రాల తపాలా సర్కిళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రైల్వే పరీక్షలు తెలుగులో రాయవచ్చు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష కూడా 2024 నుంచి తెలుగులో ఉంది. ఈ మాట ఎన్ని ఇళ్లకు చేరింది?

ప్రైవేటు రంగంలో మన పిల్లల భాషలే పెట్టుబడి. తెలుగు, కన్నడ, హిందీ, కాస్త ఇంగ్లిషు వచ్చిన పిల్ల బెంగళూరులో కస్టమర్ కేర్‌కో, బీమా కంపెనీకో, ఆసుపత్రి రిసెప్షన్‌కో పనికొస్తుంది. అందుకే వెతికేటప్పుడు ‘జాబ్’ అని ఊరుకోకుండా పని పేరు, ఊరు, భాష పేరు కలిపి వెతకాలి. రెజ్యూమెలో ఏ భాష చదవగలరో, రాయగలరో, మాట్లాడగలరో విడివిడిగా రాయాలి. తెలుగు మీడియం అన్న మాట దాచనక్కర్లేదు. ఐటీఐ, డిప్లొమా చదివిన వాళ్లకు ముందు అప్రెంటిస్‌షిప్ చూపాలి. స్టైపెండ్ వస్తుంది, ఫ్యాక్టరీ లోపలి పరిచయాలూ దొరుకుతాయి. కేంద్రం 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడానికి పైసా కట్టనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగితే అది మోసమనే అనుకోవాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇదంతా చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక పీరియడు, నోటిఫికేషన్లు అంటించే ఒక బోర్డు, పూర్వ విద్యార్థుల పుస్తకం ఒకటి. బాధ్యత తీసుకోవడానికి ఒక టీచరు, ఇద్దరు తల్లిదండ్రులు చాలు. వచ్చే ఏడాది చేరికల కోసం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉంటే, తల్లిదండ్రుల ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉన్నట్టే.