అలవాటైపోతుందిలే!

రోడ్డు పక్కనున్న బడిలో రొద గురించి ఎవరైనా మొరపెట్టుకుంటే చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే: పిల్లలకు అదే అలవాటైపోతుందిలెండి. ఈ భరోసా ఎంతవరకు నిజమో న్యూయార్క్‌లో ఏనాడో తేలిపోయింది. అక్కడి మన్‌హాటన్‌లో పీఎస్ 98 అనే ప్రాథమిక పాఠశాలను ఆనుకుని ఎత్తైన వంతెన మీద రైలు పట్టాలున్నాయి. నాలుగైదు నిమిషాలకో రైలు. అప్పట్లో అది పోయేదాకా టీచరు పాఠం ఆపాల్సి వచ్చేది, లేదంటే గొంతు చించుకోవాల్సి వచ్చేది. ఒకే భవనంలో కొన్ని గదులు పట్టాల వైపు, కొన్ని అవతలి వైపు ఉండటంతో పోల్చి చూడటం తేలికైంది. పట్టాల వైపు కూర్చున్న పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారని మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ 1975లో వెల్లడించారు. అన్నేళ్లు విన్న రైలు ఆపాటికి అలవాటై ఉండాలి మరి! ఆ తర్వాత పట్టాలకు రబ్బరు మెత్తలు వేసి, గదులకు చప్పుడును పీల్చుకునే సీలింగు అమర్చారు. 1981లో మళ్లీ చూస్తే రెండు వైపుల పిల్లలూ సమానంగా చదువుతున్నారు.

ఒక్క బడిని చూసి తీర్పు చెప్పేస్తారా, పైగా రొద ఉన్నచోటే పేదలుంటారు, వెనకబాటుకు కారణం పేదరికమేమో అని అడగవచ్చు. న్యాయమైన సందేహమే. దానికి జవాబు మ్యూనిక్‌లో దొరికింది. 1992లో అక్కడి పాత విమానాశ్రయం మూసేసి, కొత్తది వేరేచోట తెరిచారు. పరిశోధకులు ముందే సిద్ధమై రెండుచోట్లా పిల్లలను మార్పుకు ముందూ తర్వాతా పరీక్షించారు. విమానాలు ఆగినచోట చదవడం, జ్ఞాపకశక్తి మెరుగుపడ్డాయి. కొత్తగా మోత మొదలైనచోట అవే దెబ్బతిన్నాయి. తల్లిదండ్రుల ఆదాయం రాత్రికి రాత్రి మారలేదు, ఆకాశంలో దారి మారిందంతే.

చప్పుడు మరీ పెద్దదైతేనే చేటు అనుకోవడమూ పొరపాటే. ఫ్యాను రొద ఒకే తీరున సాగుతుంది కాబట్టి కాసేపటికి మరుగున పడుతుంది. మనిషి మాట అలా కాదు, క్షణక్షణం మారుతుంది. అక్షరాల వరుసను గుర్తుపెట్టుకోమని చెప్పి, తెలియని జర్మన్ భాషలో ఏదో చదివి వినిపించినా జనం తడబడ్డారని 1976 నాటి ప్రయోగం చెబుతోంది. సూత్రాలను మనసులో వల్లె వేసుకునే విద్యార్థికి పక్కగది సీరియల్ చిన్నగా వినిపించినా అందుకే అడ్డం.

మరి హోటళ్లలో కూర్చుని రాసేవాళ్ల సంగతో? 70 డెసిబెల్స్ పాటి సందడిలో కొత్త ఆలోచనలు బాగా పుడతాయని 2012లో ఒక అధ్యయనం చూపింది. 85కు చేరితే ఆ మేలు పోయింది. ఊహించడం వేరు, వరుస తప్పకుండా గుర్తుపెట్టుకోవడం వేరు. పైగా అక్కడికి మనం కావాలని వెళ్తాం, విసుగొస్తే లేచి వస్తాం. ఆ స్వేచ్ఛ చిన్నదేమీ కాదు. గ్లాస్, సింగర్ అనే పరిశోధకుల ప్రయోగాల్లో, రొదను ఆపే మీట చేతికిస్తే, దాన్ని నొక్కకపోయినా, జనం తర్వాతి చిక్కుప్రశ్నలతో ఎక్కువసేపు కుస్తీ పట్టారు. తరగతిలో పిల్లవాడి చేతిలో ఏ మీటా లేదు.

మన 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు బడి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని, అక్కడ పగలు 50 డెసిబెల్స్ హద్దని అంటాయి. అమలు ఎలా ఉందో హారన్లే చెబుతాయి. అది చక్కబడేలోగా చెయ్యగలిగింది ఒకటుంది: రోడ్డు వైపు గదులను స్టోర్‌రూమ్‌కూ స్టాఫ్‌రూమ్‌కూ ఇచ్చి, తరగతులను వెనక్కి మార్చడం. దానికి నిధులు అక్కర్లేదు. టీచర్లు ఒప్పుకుంటారా అంటారా, వాళ్లకూ అలవాటైపోతుందని చెప్పి చూడండి.