గింజ మాట వినదు

రెడ్ డెలీషియస్ యాపిల్ గింజ నాటి ఎన్నేళ్ళు నీరు పోసినా రెడ్ డెలీషియస్ కాయదు. బంగినపల్లి టెంకె పాతిపెట్టి చూసినవారికి ఇది వింతగా తోచదు. అంటుమొక్క కోసం నర్సరీకి పోయేది అందుకే గదా!

యాపిల్ రకాలలో అత్యధికం తమ పుప్పొడితో తాము ఫలించవు. తేనెటీగ మరో రకపు చెట్టు నుండి పుప్పొడి తేవాలి. పైగా ఆ తల్లీ తండ్రీ కూడా అటువంటి కలయికల సంతానమే. తల్లికున్న 34 క్రోమోజోములలో 17 మాత్రమే గింజకు చేరుతాయి. ఏ పదిహేడన్నది గింజ గింజకూ మారుతుంది. మనం తినే కండ మాత్రం పూర్తిగా తల్లిది. కనుక పండు రుచి చూసి గింజ గుణం చెప్పలేము.

అందుచేత మంచి చెట్టు దొరికితే దాని కొమ్మను వేరొక మొక్క మీద అంటుకట్టడమే దారి. కొమ్మలలో అప్పుడప్పుడు పుట్టే చిన్న మార్పులను మినహాయిస్తే, లోకంలోని రెడ్ డెలీషియస్ చెట్లన్నీ ఒకే చెట్టు. 1916లో శామ్యూల్ స్టోక్స్ (తరువాత సత్యానంద స్టోక్స్) హిమాలయాలలోని కోట్‌గఢ్‌లో నాటినవీ అందులో భాగమే. ఆ మొదటి చెట్టు అమెరికాలోని అయోవాలో జెస్సీ హయాట్ తోటలో వరుస తప్పి మొలిచింది. ఆయన రెండుసార్లు నరికించాడనీ, మళ్ళీ చిగురిస్తే పోనీలెమ్మని వదిలాడనీ చెబుతారు. గ్రానీ స్మిత్ కూడా 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో తనంత తాను మొలిచినదే.

గింజమొక్కలను పనికిమాలినవని తీసిపారేయడం నాకు అందుకే రుచించదు. నిజమే, వాటిలో అధికం పులుపో వగరో కాస్తాయి. రైతు వాటితో బతకలేడు. అయితే అంటు ఉన్నదానిని నిలుపుతుందే గాని కొత్తదానిని కనదు. తోటంతా ఒకే దేహమైనప్పుడు ఒక చెట్టును గెలిచిన తెగులు తోటనంతా గెలుస్తుంది.

కజకిస్తాన్‌లో, ఆల్మటీ నగరాన్ని ఆనుకుని ఉన్న కొండలలో, గింజతో మొలిచిన యాపిల్ అడవులున్నాయి. 1929లో వావిలోవ్ వాటిని చూసి యాపిల్ పుట్టిల్లు ఇదేనన్నాడు. జన్యు పరిశోధనలు తరువాత ఆ మాటనే బలపరిచాయి. నగరం పెరిగినకొద్దీ ఆ అడవి తరిగింది. 1989, 1996 మధ్య అమెరికా శాస్త్రజ్ఞులు అక్కడి గింజలు తెచ్చి న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో నాటారు. తెగుళ్ళను తట్టుకునే మొక్కలు కొన్ని వాటిలో బయటపడ్డాయి. మెచ్చుకోదగిన పనే. గింజలు దాచుకున్నాం గనుక ఇక అడవి పోయినా ఫరవాలేదనే వాదనను మాత్రం నేను అంగీకరించను. దాచిన గింజ తెచ్చిననాటిదే. అక్కడి తేనెటీగలు ప్రతి వసంతంలోనూ కొత్తవాటిని పుట్టిస్తున్నాయి.