పాత కారు, చాప క్రింది నీరు

వేసవి ప్రయాణములకు దినములు దగ్గరపడుచున్నవి. ఇంట పాతకారు గలవారు దానిని తుడిచి, దేవాలయములకో పుట్టింటికో బయలుదేరు కాలమిది. అట్టి కారులోపల ఎండవేడిమిని, యంత్రపు రొదను తగ్గించుకొను విధమును గూర్చి ఈ మాసము ముచ్చటింపదలచితిమి. ఇందు మేము చదివి తెలిసికొన్నదానికంటె చేయి కాల్చుకొని నేర్చినదే యెక్కువ.

మా మామగారు 1978 లో కొన్న అంబాసిడరు నేటికిని మా యింట నున్నది. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మూలముగా, కలకత్తా చెంతనున్న ఉత్తరపారలో 2014 వరకు తయారైన బండి యిది. దిట్టమైనది, విశాలమైనది, కాని మా బండిలో రేకునకు, పాదములకు నడుమ పలుచని చాప తప్ప వేరొక అడ్డు లేకుండెను. మా అత్తగారికి వినికిడి కొంత తగ్గినది. కారెక్కగనే వారు మాటాడుట మానివేయుదురు. "ఈ మోతలో మీ మాట నాకు వినబడదు, నా మాట మీకందదు, ఎందుకొచ్చిన శ్రమ తల్లీ!" అని కొంగు ముఖమున కప్పుకొందురు. ఒక వైశాఖమున అన్నవరమునకు రానే రామనిరి.

అంతట మేము తొందరపడితిమి. ఒక పనివాడు ఒక్క పూటలో అడుగంతయు దళసరి స్పాంజి అంటించి, పైన తివాసి పరచి పోయెను. రెండు మాసములు హాయిగానే యుండెను. పిదప వానలు వచ్చెను. ముందరి అద్దముచుట్టు రబ్బరు ఎండి బిరుసెక్కియున్నందున నీరు లోనికి దిగుచుండెను. పూర్వమైనచో అది చాపపై కనబడి ఆరిపోయెడిది. ఇప్పుడు స్పాంజి దానిని త్రాగి దాచుకొనెను. దీపావళినాటికి దుర్వాసన పుట్టగా తివాసి నెత్తి చూచితిమి. తోలువాని పాదములయొద్ద రేకు తుప్పుపట్టి, అరచేయి పట్టునంత రంధ్రమై, క్రింది నేల కనబడెను. చాప క్రింది నీరను మాటను ఊరక వాడుకొందుము. మాకది అక్షరాల నిజమయ్యెను.

రెండవసారి క్రమము మార్చితిమి. మొదట అడుగంతయు ఖాళీచేసి, తుప్పు గీకించి, చెడినచోట క్రొత్త రేకు వెల్డింగు చేయించి, రెడాక్సైడు పూయించితిమి. రబ్బరు మార్పించి, అద్దముపై బిందెలతో నీరుపోసి, లోపల పొడిబట్ట పరచి చూచితిమి. బట్ట తడియనిచో మాత్రమే తరువాతి పని.

రొద రెండు విధములుగా వచ్చును. రేకు తానే కంపించి మ్రోగుట ఒకటి. పూజగంట మ్రోగుచుండగా వ్రేలు తాకించి చూడుడు, నాదము ఆగిపోవును. అల్యూమినియపు పొర గల బ్యుటైల్ రబ్బరు పలకలు చేయు పని యిదియే. గట్టిగా ఒత్తి అంటించినచో రేకు వైశాల్యములో నాలుగవవంతు కప్పినను చాలవరకు చాలును. అంతయు నింపుట బరువునకే. ఇక రెండవది సందులగుండ వచ్చు చప్పుడు. గోడ యెంత మందమైనను కిటికీ తెరచియున్నచో వీధిగోల రాక మానదు గదా! తీగెలు దూరిన రంధ్రములకు రబ్బరు బిళ్లలు, తలుపులకు క్రొత్త రబ్బరు వేయింపవలయును.

వేడిమికి అయిదు ద్వారములు: ఎండపడు పైకప్పు, అద్దములు, ఇంజనునకు మనకు నడుమనున్న రేకుగోడ, అడుగున పోవు పొగగొట్టము, గేరుపెట్టె. రబ్బరు పలకలు వీనిని అంతగా ఆపజాలవు. వానిపై నీరు పీల్చని రకపు ఫోము పరచి, ఆపైన తివాసి వేయవలెను. తళతళలాడు రేకుపొరను కప్పుక్రింద వాడువారు దానికెదుట కొంత గాలిసందు విడువవలయును. తాటాకు పందిరి నేలకంటక నిలిచినప్పుడే నీడలో చల్లదనముండును, ఇదియు నట్టిదే. తారుపలకలు కప్పునకు తగవు. ఎండకు మెత్తబడి ఊడివచ్చును, వాసన కొట్టును.

తలుపుల అడుగున నీరు పోవుటకుంచిన రంధ్రములను మూయరాదు. అంటుకొను వస్తువులను పొగగొట్టము దరికి చేర్చరాదు. మిక్కిలి పాత బండ్లలోని బూడిదరంగు పలకలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. వానిని పొడిగా గీకక, ఇంటివారు ముట్టక, తెలిసినవారికి చూపవలెను.

మరుసటి వైశాఖమున అత్తగారు మాతో వచ్చిరి. ఊరు దాటినది మొదలు తమ పుట్టింటి కథలు చెప్పుచు, "ఇన్నేండ్లు నేను ఇంజను మాట విన్నాను, ఇక మీరు నా మాట వినండి" అని నవ్విరి. మేము మారు పలుకలేదు; అన్నవరము వచ్చువరకు వినుచునే యుంటిమి.

కాని యొక హెచ్చరిక. ఇంతచేసినను, ఎండలో మూసి నిలిపిన కారు పొయ్యివంటిదే. లోపలి వేడిమి మొదటి అరగంటలోనే మిక్కిలి పెరుగును. అద్దము వ్రేలెడు దించినందున పెద్ద మేలు లేదు. మనము పరచిన పొరలు నడచు బండిలో సుఖమునకే గాని, మూసిన బండిలో ప్రాణరక్షకు గావు. దుకాణమునకు పోయి యిప్పుడే వత్తుమని బిడ్డలనుగాని వృద్ధులనుగాని క్షణమైనను లోపల విడువకుడు.

తొలకరి కురిసిన మరునాడు తివాసి యంచు నెత్తి, అడుగున చేయి పెట్టి చూడుడు. ఈ పని యితరులకు అప్పగింపవలదు. తడియున్నదో లేదో మీ చేతికే తెలియవలెను.