నోట్లో నాలుక లేని పిల్ల

నాన్న రైసుమిల్లులో గుమాస్తా. సైకిల్ స్టాండు చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది. ఒకేసారికి స్టాండు పడిందంటే అన్నం తిని పడుకుంటాడు. పడక, సైకిలు గోడకు కొట్టుకుందంటే మాత్రం తమ్ముణ్ణి లాక్కుని మంచం కింద దూరేదాన్ని. అమ్మ ఏడుపు వినబడకుండా వాడి చెవులు నా అరచేతులతో మూసేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, వాడికి ఐదు.

చుట్టాలంతా నన్ను తెగ మెచ్చుకునేవాళ్లు. "నోట్లో నాలుక లేని పిల్ల, ఎంత బుద్ధిమంతురాలో!" ఆ మాటంటే నాకు ఇప్పటికీ కోపం. నాది బుద్ధి కాదు, భయం.

ఇప్పుడు నాకు యాభై రెండు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఆయన గొంతు పెంచి ఎరగరు. అయినా గేటు దభాలున పడితే చేతిలో గరిటె ఆగిపోతుంది. ఆయన కాసేపు మాట్లాడకపోతే "కోపమొచ్చిందా?" అని నాలుగుసార్లు అడుగుతాను. తమ్ముడు జన్మలో మందు ముట్టనని అమ్మకు ఒట్టేశాడు. ఇరవై నాలుగో ఏట మొదలెట్టాడు. "తండ్రి రక్తం ఎక్కడికి పోతుంది" అన్నారు ఊళ్లో. మంచం కింది రాత్రులు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్క తీసినవాళ్లున్నారు. అమెరికాలోని శాన్ డియాగోలో డాక్టర్ ఫెలిట్టి, డాక్టర్ ఆండా బృందం తొమ్మిదిన్నర వేల మంది పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగింది. తిట్లు, దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం లాంటివి ఏడు రకాలుగా విడదీసింది. 1998లో ఫలితాలు అచ్చయ్యాయి. నాలుగు, అంతకు మించి అనుభవించినవాళ్లకు తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. అది తలరాత కాదు, ముప్పు మాత్రమే. మన దగ్గరా 2007లో కేంద్ర ప్రభుత్వ అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించింది. ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే.

తమ్ముణ్ణి ఎందరు డాక్టర్లకు చూపించానో! లివరు చూశారు, షుగరు చూశారు, రోజుకెంత తాగుతావని గద్దించారు. చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేదని ఒక్కరూ అడగలేదు. ప్రతి ఆసుపత్రిలో ఆ ప్రశ్న ఉండాలంటాను. అయితే రాసుకుని పక్కన పెట్టడానికి కాదు, అడిగినవాళ్లకు కూర్చుని వినే తీరికుండాలి. మా లెక్చరర్లకూ ఒక మాట: వెనక బెంచీలో ఏడాదంతా నోరు విప్పని పిల్లకు మంచి మార్కులొచ్చినా సరే, ఒకసారి పక్కన కూర్చోండి.

పోయిన నెల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 నొక్కి ఫోను తమ్ముడి చేతికిచ్చాను. పెరట్లో తిరుగుతూ ముప్పావుగంట మాట్లాడాడు. వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుని, చాలాసేపటికి అన్నాడు.

"నా చెవులు నువ్వు మూశావు సరే, నీ చెవులు ఎవరు మూశారక్కా?"