చచ్చి బ్రదికినవారి మాటలు

గుండె నిలిచి వైద్యుల ప్రయత్నముచే మరల కొట్టుకొనిన పిమ్మట కొందరు వింత సంగతులు చెప్పుదురు. చీకటి దారి, దాని చివర గొప్ప వెలుగు, మునుపే గతించిన తలిదండ్రులు, పైనుండి తమ దేహమును తామే చూచుట. అమెరికా దేశస్థుడగు రేమండ్ మూడీ 1975లో ఇట్టివారిని గూర్చి యొక పుస్తకము ప్రకటించినది మొదలు ఈ ముచ్చట లోకమంతట ప్రాకినది. మన పెద్దలకు ఇది క్రొత్త గాదు. యమభటులు పేరు పొరబడి యొకనిని కొనిపోయిరనియు, చిట్టా చూచి వీడు కాడని త్రిప్పి పంపిరనియు వారు చెప్పుకొనెడివారు. పస్రిచా, స్టీవెన్సన్ అను పండితులు భారతదేశమున ఇట్టి 16 సంగతులు విచారించి 1986లో ప్రకటింపగా, వానిలోను ఈ పొరబాటు కథ కానవచ్చెను. పడమటివారు యేసునో దేవదూతనో చూచితిమందురు. ఎవరు పెరిగిన యింటి రూపములు వారికి కనబడుచున్నట్లున్నది. వారందరు కల్లలాడిరని కాదు. ఆ మాటలనుబట్టి పరలోకమునకు పటము గీయబూనుట తగదు. ప్రమాదమున గాయపడిన యొక అమెరికా బాలుడు పరలోకమును చూచి వచ్చెనని 2010లో వెలువడిన పుస్తకము విరివిగా అమ్ముడుపోయెను. 2015లో ఆ బాలుడే తాను చావలేదనియు, పరలోకమునకు పోలేదనియు తెలుపగా ప్రకటించినవారు దానిని మానుకొనిరి.

అయితే ఏమియు చూడనివారి మాట యేమి? హాలండు దేశపు 10 ఆసుపత్రులలో గుండె నిలిచి బ్రదికిన 344 మందిని వాన్ లోమెల్ అను వైద్యుడును అతని తోటివారును విచారించి 2001లో ప్రకటించిరి. 62 మందియే ఏదోయొకటి చూచినట్లు చెప్పిరి. మిగిలిన 282 మందికి ఏమియు జ్ఞాపకము లేదు. ప్రక్క మంచముమీది రోగి వెలుగును చూచితినని చెప్పుచుండగా, చీకటి తప్ప మరేమియు నెరుగని విశ్వాసి ప్రభువు తనను త్రోసివేసెనేమో యని లోలోపల కుమిలిపోవుట కలదు. ఈ దిగులునకు లేఖనములలో ఆధారము లేదు.

లాజరు నాలుగు దినములు సమాధిలో నుండెను. అతని కాలుచేతుల ప్రేతవస్త్రములను గూర్చి యోహాను వ్రాసెను; అతడు చూచినదానిని గూర్చి యొక్క మాటయు వ్రాయలేదు. యాయీరు కుమార్తె లేచినప్పుడు ప్రభువు ఆమెను ఏమి చూచితివని యడుగలేదు, తినుటకు ఏమైన పెట్టుడని యింటివారికి ఆజ్ఞాపించెను. ఆసుపత్రినుండి యిల్లు చేరినవానిని చుట్టుముట్టి ప్రశ్నించువారు మొదట గంజి కాచిన బాగుండును. మూడవ ఆకాశమునకు కొనిపోబడిన మనుష్యుని సంగతి పౌలు పదునాలుగేండ్లకు గాని వ్రాయలేదు. వ్రాసియు, అక్కడ వినబడిన మాటలు పలుకరానివని విడిచిపెట్టి, తన ముల్లును గూర్చియు బలహీనతను గూర్చియు చెప్పుకొనెను.

సిలువమీది దొంగకును దర్శన మేదియు కలుగలేదు. అతనికి దొరికినది ప్రక్కను వ్రేలాడుచున్న యేసు ఇచ్చిన యొక్క మాట. పిమ్మట మూడు గంటలసేపు దేశమంతట చీకటి కమ్మెను. ఆ మాటతోనే అతడు ఆ చీకటిలో నుండెను.